గన్నేరుపూల ప్రవేశ పరీక్ష

నీట్ ఫలితం వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అంతకన్నా ఘోరం జరిగింది. అందరూ నాతో మర్యాదగా మాట్లాడారు. మా అవ్వ, అంటే నాయన తల్లి, నన్ను పిలిచి "తింటివా అమ్మా" అని అడిగింది. మామూలుగా ఆమె పలకరింపు "ఇంకా మింగలేదా, దొరసానీ" అని ఉంటుంది. మా ఇంట్లో మర్యాద మొదలైందంటే మనిషి పోయినట్టే లెక్క. నా పరామర్శకు నేనే హాజరై, గోడకు ఆనుకుని కూర్చున్నాను.

తక్కువ పడింది నలభై మార్కులు. మా తమిళనాడులో సర్కారు బడిలో చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో విడిగా కొంత భాగం ఉంది. ఆ భాగం గడప దాకా పోయి, నలభై మార్కుల ఇవతల చెప్పులు విడిచి నిలబడ్డాను.

"నలబై అంటే శానా?" అని అవ్వ అడిగింది.

"ఫిజిక్స్‌లో పది ప్రశ్నలు."

"పదే దా? ఆ పది గూడా రాలేదా నీకు?"

మర్యాద ఆ పూటతో ముగిసింది. నాకు ఊపిరాడింది.

వారం తిరిగేసరికి ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. నాయన పార్టీ విరుదునగర్‌లో కోచింగ్, హాస్టల్, రెండోసారి రాసేవాళ్ళ బ్యాచ్. అవ్వ పార్టీ ఇంట్లోనే ఉండి చదువుకోవడం, ఎందుకంటే హాస్టల్ కూడు తిని బాగుపడినవాళ్ళను ఆమె చూడలేదట. అమ్మ కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల ఆఫీసుకు పోతుంది. అది ఫ్యాక్టరీయే, కానీ మా వైపు దాన్ని ఆఫీసు అంటారు. లోపల కుర్చీలు ఉండవు, అందరూ నేలమీదే కూర్చుంటారు, అయినా ఆఫీసే. తెల్లారి వ్యాను ఎక్కి సాయంత్రం దిగే మనిషికి పార్టీలో చేరే తీరిక లేదు.

సొంత చదువు ఎట్లా ఉంటుందో ప్లస్ టూ ఏడాది నేను చేసి చూసిందే. నాలుగు రంగుల ఇంకుతో టైంటేబుల్ రాసి గోడకు అంటించాను. ఆ ఏడాది నేను పూర్తి చేసిన పని అదొక్కటే. బయాలజీ మాత్రం మిద్దె మీద ఎండబోసిన మక్కజొన్న చుట్టూ తిరుగుతూ బట్టీ పట్టాను. కప్ప గుండెకు మూడు గదులు. మా ఇంటికి రెండే. ఫిజిక్స్ పుస్తకాన్ని అట్ట నలగకుండా కాపాడాను. అందులో గాలిమర రెక్క కొస ఎంత వేగంతో తిరుగుతుంది అని ఒక లెక్క ఉండేది. మిద్దె మీది నుంచి చూస్తే కయత్తారు వైపు గాలిమరలు వరసగా తిరుగుతూ కనిపిస్తాయి. ప్రశ్న ఎదురుగా తిరుగుతున్నా జవాబు రాని విద్యార్థిని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నాయన నన్ను వెంటబెట్టుకుని విరుదునగర్ బయలుదేరాడు. కోవిల్పట్టిలో బస్సు మారేటప్పుడు రెండు పొట్లాలు వేరుశనగ మిఠాయి కొన్నాడు.

"ఎవరికి నాయనా?"

"సారుకు. ఒట్టి చేతుల్తో ఎట్ల పోయేది?"

సాత్తూరు దాటేదాకా ఆ పొట్లాలు ఒడిలో పెట్టుకుని, పెళ్ళిచూపులకు పోయే మామలా నిటారుగా కూర్చున్నాడు. పిల్లను నేనే అని గుర్తొచ్చి కిటికీలోంచి బయటకు చూశాను.

కోచింగ్ సెంటర్ వరండా గోడ నిండా తెల్లకోటు పిల్లల ఫోటోలు. నాయన ప్రతి ఫోటో దగ్గరా ఆగి, గుళ్ళో చుట్టు తిరిగినట్టు తిరిగాడు. రోడ్డుకు అవతల ఇంకో కోచింగ్ గోడ మీద కూడా వీళ్ళ మొదటి వరసలోని అమ్మాయే నవ్వుతోంది. వేలు పెట్టి చూపించాను.

"రెండు చోట్లా చదివుంటాది," అన్నాడు నాయన. "తెలివైన పిల్ల."

ఆఫీసు గదిలో ఉన్నాయన మిఠాయి తీసుకుని తమిళంలో షరతులు చెప్పాడు. ఫోను ఉండదు. ప్రతి ఆదివారం పరీక్ష. సోమవారం బ్యాచ్ మొదలు, శుక్రవారం లోపల వస్తామో రామో చెప్పాలి. నాయన అన్నింటికీ తల ఊపాడు. నేను మంచినీళ్ళ నెపంతో బయటికి వచ్చాను. పక్క గదిలో ఎవరో ఫిజిక్స్ చెబుతున్నారు. తలుపు సందులోంచి ఒక రెండు నిమిషాలు విన్నాను. తిరిగే చక్రం లెక్క. నా గాలిమరకు చుట్టమే.

అర్థమైంది. భయం అప్పుడు పట్టుకుంది.

మధ్యాహ్నం నూనెలో వేగిన పరోటాలు తిన్నాం. నాలుగో పరోటా దగ్గర నాయన ఊరి మీద తీర్పు చెప్పాడు: "మంచి ఊరే." తిరుగు బస్సులో నన్ను అడిగాడు.

"ఏమమ్మా, ఎట్లుండాది?"

"పరోటా బాగుంది," అన్నాను.

ఆయన నవ్వాడు. నాతో వచ్చిన చిక్కు అదే. నేను ఏదో ఒకటి అంటాను, జనం నవ్వుతారు, అడిగిన ప్రశ్న గాలికి పోతుంది. నిజం చెప్పాలంటే, ఇంట్లో చదివి తప్పితే ఆ తప్పును పంచుకోవడానికి బోలెడంత మంది ఉన్నారు. మక్కజొన్న ఉంది, మేకలున్నాయి, అవ్వ సాయంత్రం సీరియళ్ళున్నాయి. విరుదునగర్‌లో, అర్థమయ్యేటట్టు చెప్పే మనిషి ముందు కూర్చుని తప్పితే, ఆ తప్పంతా నాదే. అందుకని నేను గుట్టుగా అవ్వ పార్టీలో చేరాను. కారణం మాత్రం ఆమె కారణం కాదు. హాస్టల్ కూడు సంగతి నాకు పట్టలేదు.

గురువారానికి ఇద్దరూ తగ్గలేదు. అప్పుడు అవ్వ అంది: "మన ఇద్దరమూ ఎందుకురా అరుచుకునేది? అమ్మవారిని అడుగుదాం. పువ్వు కట్టి చూద్దాం."

తెల్లపువ్వు ఒక పొట్లంలో, ఎర్రపువ్వు ఒక పొట్లంలో కట్టి అమ్మవారి ముందు పెట్టి, బడికి పోని చిన్న పిల్లచేత ఒకటి తీయించడం మా వాళ్ళ పద్ధతి. పెళ్ళి సంబంధానికి, ఎద్దు కొనడానికి, బోరు వేయడానికి ఇట్లాగే అడుగుతారు. మా చేలో నీళ్ళు పడని బోర్లు రెండున్నాయి. రెండూ అమ్మవారు సరేనన్నవే. ఆ సంగతి ఎత్తితే, బోరు వేసినవాడు ఒక అడుగు పక్కన వేశాడు అంటారు.

తెల్ల గన్నేరు వస్తే విరుదునగర్. ఎర్ర గన్నేరు వస్తే ఇల్లు. నాయన ఒప్పుకున్నాడు. ఆకులో కట్టే పని దగ్గర అవ్వ తన వేళ్ళు చూపించింది.

"నా ఏళ్ళు వంగవు. నువ్వే కట్టు పాపా. పరిచ్చ నీదే గదా?"

పరీక్ష రాసేవాళ్ళ చేతికే ప్రశ్నపత్రం తయారు చేయమని ఇచ్చే బోర్డు ఈ దేశంలో మా అవ్వ ఒక్కతే. నేను అరటాకు ముక్కలు రెండు తీసుకుని, రెండింట్లోనూ ఎర్ర గన్నేరే పెట్టి, దారంతో గట్టిగా కట్టి, దేవుడి అరలో పెట్టాను. చేతులు వణకలేదు. ఫిజిక్స్ పేపర్ ముందు కూడా వణకలేదు కాబట్టి దాన్ని ధైర్యంగా లెక్క వేయడానికి లేదు.

శుక్రవారం పొద్దున అందరం గుడికి పోయాం. అమ్మ కూడా ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. నాకు అనుమానం రావలసిన చోటు అది. రాలేదు. పక్కింటి మూడేళ్ళ పాప పొట్లాల వంక కాసేపు చూసి, మిఠాయి అనుకుని ఒకటి లాక్కుంది. నాయన దాన్ని విప్పాడు.

తెల్ల గన్నేరు.

ఆ గుడిలో ఆ నిమిషాన దైవమహిమకు సాక్షిని నేనొక్కదాన్నే. మిగిలినవాళ్ళకు అది పువ్వు మాత్రమే. రెండు ఎర్రపూలు పెట్టిన చోటినుంచి తెల్లపువ్వు వచ్చిందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే మహిమ బయటపడుతుంది, దాంతోపాటు దొంగ కూడా. మూసుకున్నాను. అవ్వ చెంపలు వేసుకుని, "అమ్మే చెప్పేసె. ఇంక నేనెవురు?" అంది. గుడి మెట్లు దిగేలోగా పార్టీ మార్చేసి, హాస్టల్‌కు ఏ ఊరగాయ పంపాలో నాయనతో మాట్లాడుతోంది. పాప మాత్రం మిఠాయి రాలేదని ఏడుస్తోంది. నాకు ఆ పాపతో మాత్రమే మాట కలిసేట్టు ఉంది.

ఇంటికి వచ్చాక అమ్మ పెరట్లో బట్టలు పిండుతోంది. నన్ను చూడకుండానే అంది:

"నాలుగు సుట్లు ఎందుకు సుడితివే?"

"ఏమి?"

"పొట్లానికి. ఒగ పువ్వుకు నాలుగు సుట్లా? పదిహేనేండ్లుగా అగ్గిపెట్టెలు డజన్ డజన్ కట్టలు కడ్తుండాను. పక్కన కూచునేవాళ్ళలో ఎవురి ముడి ఎవురిదో సూస్తానే చెప్తాను. బయపడి కట్టిన ముడి తెలీదా నాకు? పొద్దున అర తుడిచేటప్పుడు చూస్తిని. విప్పితిని."

నేను బండ మీద కూర్చున్నాను. తప్పు పట్టుబడింది, అయినా పట్టుకున్నావిడ కూడా దొంగే అని తోచింది కాబట్టి కొంచెం ధైర్యం వచ్చింది.

"అయితే నువ్వు రెండూ తెల్లవి పెట్టేస్తివా?"

ఆమె చేతులు తుడుచుకుని గుడిలో పాప తీయకుండా మిగిలిన రెండో పొట్లం నడుము దగ్గరినుంచి తీసి నా ఒళ్ళో పడేసింది. ఒకే చుట్టు, ఒకే ముడి. విప్పాను. ఎర్ర గన్నేరు, కొంచెం వాడింది.

"నీ మాదిరి అనుకుంటివా నన్ను? తెల్లది ఒగటి, ఎర్రది ఒగటి. ఎట్ల పెట్టాలో అట్ల పెడితిని. అంతే."

అంటే ఆ పూట మొత్తం మీద అమ్మవారు నిజంగా పలికింది. మోసం చేసింది నేనొక్కదాన్నే. పరీక్షలో కాపీ కొట్టి కూడా తప్పినదాని పరిస్థితి.

"అమ్మవారు ఆమె మాట చెప్పె," అంది అమ్మ. "ఇప్పుడు నీ మాట చెప్పు. ఇల్లే కావాలంటే మీ నాయనతో నేను మాట్లాడ్తాను. పొట్లం సంగతి ఎవురికీ చెప్పను. కానీ నన్ను నవ్వించొద్దు."

"ఆ ఊళ్ళో పరోటా..."

"వద్దంటిని."

ఆమె చీర కొసను ఒక చేత్తో పట్టుకుని, రెండో కొస నాకు అందించింది. ఇద్దరం చెరోవైపు మెలితిప్పి పిండాం. మెలి తిప్పుతూ ఉంటే మొహాలు చూసుకోనవసరం లేదు. అప్పుడు చెప్పాను. ఫిజిక్స్ నాకు రాదని. ఏడాదంతా ఆ పుస్తకం తెరవలేదని. విరుదునగర్‌లో తలుపు సందులోంచి విన్న రెండు నిమిషాలు అర్థమైందని.

"ఇంగేమి మరి?"

"అక్కడికి పోయి గూడా రాకపోతే?"

"రాకపోతే రాదు. అప్పుడు రాదని తెలుస్తాది. ఇప్పుడు నీకు అది గూడా తెలీదు."

కన్నతల్లి దగ్గర ఇంతకన్నా మంచి ఓదార్పు దొరుకుతుందని ఎవరైనా అంటే వాళ్ళు మా ఇంటికి రాలేదని అర్థం. చీర పిండడం అయిపోయింది. "పోతాను," అన్నాను.

"పొయ్యి మీ నాయనకు చెప్పు."

"నాయనకు అమ్మవారే చెప్పింది కదా."

"నువ్వు చెప్పు."

నాయన వసారాలో ఫోను పట్టుకుని కోచింగ్ నంబరు వెతుకుతున్నాడు. "నాయనా, నేను విరుదునగర్ పోతాను," అన్నాను.

"అవు, అమ్మవారు చెప్పె కదా," అన్నాడు తల ఎత్తకుండా.

"అమ్మవారు చెప్పకపోయినా పోతాను."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు. జోకు ఎక్కడుందో వెతుకుతున్నాడని తెలుస్తోంది. దొరకలేదు. "సరి," అని నంబరు నొక్కాడు.

సోమవారం కోచింగ్ ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. చివర్లో ఒక ప్రశ్న: మా సంస్థను ఎందుకు ఎంచుకున్నారు? దాని కింద మూడు గడులు. ప్రకటన చూసి, స్నేహితులు చెప్పి, పాత విద్యార్థులు చెప్పి. నాయన నా భుజం మీదుగా వంగి, "అమ్మవారు అని రాయి," అన్నాడు. నేను గడుల కింద ఖాళీ చోటులో రాశాను: ఫిజిక్స్ రాదు.

మిఠాయి తిన్న ఆయనే ఫారం అందుకుని చదివి, నన్ను ఒకసారి చూసి, "దీనికి గడి లేదు పాపా," అని తమిళంలో చెప్పి, "ప్రకటన" దగ్గర టిక్కు పెట్టుకున్నాడు.

నా జన్మలో కాపీ కొట్టకుండా, బట్టీ పట్టకుండా రాసిన మొదటి సరైన జవాబు అది. దానికీ మార్కులు పడలేదు.