మూత రాని పాయసం డబ్బా

తొంభైల్లో పెళ్లయి విజయవాడ వన్‌టౌన్‌లోని అత్తవారింటికి వచ్చాను. రెండో నెలలోనే మా ఆడపడుచును చూడడానికి గుంటూరు నుంచి పెళ్లివారు వచ్చారు. ఎండాకాలం కదా, చల్లగా ఇద్దామని పొద్దున్నే కాచిన పాయసాన్ని వేడివేడిగా స్టీలు డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి, చన్నీళ్ల తొట్టిలో పెట్టాను.

తీరా వడ్డించే వేళకు మూత రాలేదు. మావారు బలంకొద్దీ లాగారు. మామయ్యగారు అట్లకాడతో పొడిచారు. ఆ చప్పుళ్లకు ముందుగదిలో పెళ్లివారి మాటలు ఆగిపోయాయి.

"ఎవరు బిగించారు దీన్ని?" అన్నారు అత్తయ్యగారు.

"నేనేనండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అప్పుడు చటుక్కున ఒక పాఠం గుర్తొచ్చింది. బేసిన్‌లో మరిగే నీళ్లు పోసి డబ్బాను అందులో ఉంచాను. కాసేపటికి టప్‌మని మూత లేచింది.

"ఏం చేశావమ్మాయ్?" అడిగారు అత్తయ్యగారు.

"లోపలి గాలి చల్లబడి ఒత్తిడి తగ్గిందండీ. అందుకే బయటి గాలి మూతను నొక్కేసింది. వేడిచేస్తే మళ్లీ లోపల ఒత్తిడి పెరిగింది. బీఎస్సీ మొదటి ఏడాదిలో చదివాను."

"మరి రెండో ఏడాది?"

"పెళ్లయింది కదండీ."

ఆవిడ పాయసాన్ని గిన్నెల్లో పోసి ముందుగదిలోకి పంపారు. పెళ్లివారు వెళ్లాక మామయ్యగారితో, "అమ్మాయిని మళ్లీ కాలేజీలో చేర్పించండి. ఇంటిపని నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ సంబంధం కుదరలేదు గానీ, నేను ఆ ఏడాదే కాలేజీలో చేరాను. తర్వాత టీచర్‌నయ్యాను. అత్తయ్యగారు ఇప్పుడు లేరు. ఆ రోజు ఆవిడ రెండో ఏడాది సంగతి అడగకపోతే, చదువుకోవాలనుందని నా అంతట నేను ఎన్నటికీ చెప్పేదాన్ని కాదు.