మంచినీళ్ల చెంబులో ఎండ్రకాయ

నా చిన్నప్పుడు, ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏడు, మా అవ్వతో కలిసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్లాను. కోతలు అయిపోయాక, మమ్మల్ని పనికి తెచ్చిన మేస్త్రి కూలీలందరినీ లారీ ఎక్కించి సముద్రం చూపించాడు. అదేదో తన సొంత సొత్తయినట్టు రోజంతా మా మీద ఎగిరెగిరి పడ్డాడు. ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒడ్డున గవ్వలు ఏరుతుంటే ఒక చిన్న శంఖం దొరికింది. లోపల ఎండ్రకాయ, అదే పీత, బతికే ఉంది. ఊరికి తీసుకుపోయి పెంచుకుందామనుకున్నాను. నీళ్లలో ఉండేదే కదా అని, నేను తాగడానికి ఉంచుకున్న మంచినీళ్ల చెంబులో వేశాను. బిందెడు నీళ్లకు మైలు దూరం నడిచే ఊరి పిల్లను, అంతకన్నా పెద్ద మర్యాద ఉంటుందనుకోలేదు.

లారీ ఎక్కాక అవ్వ చెంబులోకి చూసింది. చెంబుతో సహా నన్ను కిందికి దించి, అలల దాకా నడిపించి, దోసెడు సముద్రపు నీళ్లు నా నోటికి పెట్టింది. గుక్క దిగకముందే ఉమ్మేసి ఏడుపు అందుకున్నాను.

“నీకు ఈ నీళ్లు ఎట్లుండాయో దానికి మన నీళ్లు అట్లుంటాయి. నువ్వు ఉమ్మేస్తివి. అది యాడికి పోతుంది?” అంది.

వెనక లారీ హారన్ ఆగడం లేదు. ఒక పురుగు కోసం ఇంతమందిని నిలబెడతావా, వదిలేసి పోతామని మేస్త్రి కేకలు. ఎండ్రకాయ ముడుచుకుపోయి కదలడం లేదు. నేనే చంపేశాననుకున్నాను. అవ్వ దాన్ని తడి ఇసుక మీద పెట్టి పక్కనే చతికిలబడింది.

“పోతే పోప్పా. మేము నడిసొస్తాం,” అంది, వెనక్కి తిరగకుండానే.

చాలాసేపటికి ఒక కాలు బయటికొచ్చింది, తర్వాత ఇంకొకటి. అల వచ్చి దాన్ని తీసుకుపోయింది. లారీ అక్కడే ఉంది.

మొన్న ఆదోనిలో ఉండే మా బంధువులు సముద్రానికి పోయి, పిల్లల ముచ్చట కోసం ఒక నక్షత్రచేపను సీసాలో వేసి తెచ్చారు. ఇంటికి చేరేసరికి చచ్చిపోయింది. మంచినీళ్లే పోశాం కదా అన్నారు. అవ్వ నాకు సముద్రపు నీళ్లు తాగించిన రోజు నాకు ఎనిమిదేళ్లు, అక్షరం ముక్క రాదు. వీళ్లు చదువుకున్నవాళ్లు. నోటికొచ్చినట్టు దులిపేశాను. ఒక్కసారి సముద్రం చూసిన ముసలిదానికి ఇంత రోషమేమిటని నవ్వుకున్నారట. నవ్వుకోనీ. ఈసారి పోయేటప్పుడు నన్నూ తీసుకుపొమ్మన్నాను. పిల్లల్ని ఏమీ అనను. పెద్దవాళ్లకే తలా దోసెడు తాగిస్తాను.