ఆటపెట్టె పాపకే అని చెప్పాను

నలభై నాలుగేళ్ళ వయసులో నాకు వీడియో గేములు ఆడాలని కోరిక పుట్టింది. పుట్టింది అనడం కూడా పూర్తి నిజం కాదు. చిన్నప్పుడు హిందూపురంలో మా ఇంటి దారిలో ఒక వీడియో గేముల అంగడి ఉండేది. నాలుగు టీవీలు, ఒక్కో టీవీ ముందు ఒక చెక్క బెంచీ. నేను ఆ బెంచీ మీద కూర్చున్నది తక్కువ, వెనక నిలబడి చూసింది ఎక్కువ. పట్టుగూళ్ళ మార్కెట్లో పనిచేసే మా నాయన ఒకసారి అటు పోతూ నన్ను లోపల చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, ఇల్లు చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత నేను ఆ అంగడి ముందు తల వంచుకుని పోయేవాణ్ణి. చదువుకున్నాను, పెనుకొండలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారునయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, ఒక కూతురు. ఆటల సంగతి మరచిపోయాననే అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఫోనులో త్రికోణమితి పాఠమేదో వెతుకుతుంటే ఒక వీడియో ఎదురొచ్చింది. అందులో ఒకాయన టీవీకి తగిలించి వీడియో గేములాడే రెండు ఆటపెట్టెలు పక్కపక్కన పెట్టి, ఒకేసారి మీటలు నొక్కి, దేంట్లో ఆట ముందు తెరుచుకుంటుందో చూపిస్తున్నాడు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. రెండు పెద్ద కంపెనీలవి, బద్ధ విరోధులు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. తెల్లదాంట్లో ముందు తెరుచుకుంది. ఆ గెలుపు నాదే అయినట్టు తొడ చరుచుకున్నాను. వెంటనే ఇంకో వీడియో వచ్చింది. అందులో నల్లది గెలిచింది. మధ్యాహ్నం మా ఆవిడ అన్నానికి పిలిచేసరికి పదకొండు వీడియోలయ్యాయి. త్రికోణమితి ఎక్కడిదక్కడే ఉంది.

మరుసటి రోజే రెండు వందల పేజీల లాంగు నోట్‌బుక్కు ఒకటి కొన్నాను. స్కేలు పెట్టి గీతలు కొట్టి నిలువు వరసలు చేశాను. తెల్లది, నల్లది, ఇంకా చేతిలో పట్టుకుని కూడా ఆడుకోగల మరో కంపెనీ చిన్నది. అడ్డంగా పరీక్షాంశాలు. బొమ్మ ఎంత స్పష్టం, ఎంత వేగం, ఎంత చప్పుడు, మన ఎండలకు ఎంత వేడెక్కుతుంది, కరెంటు పోయి వస్తే ఏమవుతుంది, చెడిపోతే బాగుచేసేవాళ్ళు ఎక్కడున్నారు. ప్రతిదానికీ మార్కులు. 'చేతికి ఇమిడే తీరు' అని కూడా ఒకటి పెట్టి, వాటిలో దేన్నీ ముట్టుకోకుండానే ఫొటో చూసి మార్కులు వేశాను. పదో తరగతి జవాబు పత్రాల్లో అర మార్కు దగ్గర అంత బిగదీసే మనిషిని, ఇక్కడ ఎంత ఉదారంగా ఉన్నానో.

కూడి చూస్తే తెల్లదానికి డెబ్బై ఒకటి, నల్లదానికీ డెబ్బై ఒకటి. చిన్నదానికి నలభై. చిన్నదాన్ని ఫెయిల్ చేయలేదు గాని పక్కన కూర్చోబెట్టాను. మిగిలిన రెండింటికీ రీవాల్యుయేషన్ పెట్టాను. ఈసారి నల్లది ముందుకొచ్చింది. మనసుకు నచ్చలేదు. మళ్ళీ చేశాను. తెల్లది ముందుకొచ్చింది. అదీ నచ్చలేదు. ఇట్లా నాలుగు నెలలు గడిచాయి.

కంటితో చూస్తే తేలుతుందని ఒక శనివారం రైలెక్కి హిందూపురం పోయాను. బజారులో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో మూడూ పెట్టి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది.

"ఎవరికి సార్?" అంది.

చాలా చిన్న ప్రశ్న. నాకు, అంటే సరిపోయేది. కానీ నా వెనక ఒక నడివయసు దంపతులు మిక్సీ బేరం చేస్తున్నారు. నా చొక్కా జేబులో ఎర్రసిరా పెన్ను ఉంది. నోరు దానంతటదే తిరిగింది.

"మా పాపకమ్మా."

"పాప ఏం ఆటలాడతాది సార్?"

"యుద్ధాలు," అన్నాను. నాకు ఆడాలనిపించినవి అవి.

ఆ అమ్మాయి కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. "ఎంత వయసు సార్ పాపకి?"

"పదిహేడు. చాలా బాగా ఆడుతుంది. ఎవరినీ వదిలిపెట్టదు."

మా పాప అనంతపురం హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదువుతోంది. చీమ అడ్డమొస్తే పక్కకు తప్పుకుని నడిచే పిల్ల. గంటసేపు ఆ అమ్మాయిని ప్రశ్నలతో విసిగించి, అన్నీ నోట్‌బుక్కులో రాసుకుని, "పాపని అడిగి చెప్తా" అని బయటపడ్డాను. ఆ తర్వాత అదే షాపుకు ఇంకో నాలుగుసార్లు పోయాను. పోయినప్పుడల్లా పాప ఇంకొంచెం భయంకరంగా తయారయ్యేది.

ఈలోగా పెనుకొండలో నాకొక పేరొచ్చింది. స్కూల్లో ఎవరితోనో తెల్లదానికీ నల్లదానికీ తేడా చెప్పినట్టున్నాను, ఆ మాట పాకింది. మందుల షాపాయన తన బావమరిది కోసం సలహా అడిగాడు. నల్లది తీసుకోమన్నాను. రెండు రోజుల్లో కొనేశారు. మా డ్రిల్లు మాస్టారు అడిగాడు. ఆ వారం రీవాల్యుయేషన్‌లో తెల్లది గెలిచింది కాబట్టి తెల్లది కొనిపించాను. ఇట్లా మొత్తం నా సలహాతో ముగ్గురు మూడు పెట్టెలు కొని, ఇంటికి తెచ్చుకుని, ఆడుకున్నారు, వాళ్ళలో ఒకరు విసుగు కూడా పుట్టి మానేశారు. నేను మాత్రం స్కేలు పట్టుకుని గీతలు కొడుతున్నాను.

మా స్కూల్లో తెలుగు చెప్పే మాస్టారిది ధర్మవరం. వాళ్ళది మగ్గం నేసే కుటుంబం. ఆయన తమ్ముడి ఇంట్లో నల్లది ఉందని తెలిసి, ఒకసారి చేతికి తీసుకుని చూస్తానన్నాను. "దానికేమి సార్, ఆదివారం రాండి, అన్నం గూడా ఆడనే తిందాము," అన్నాడు.

వాళ్ళ ఇంట్లో ముందు గదిలో గుంటమగ్గం, లోపలి గదిలో టీవీ. టీవీ కింద నల్లది. దాన్ని చూడగానే నేను ఆగలేకపోయాను. అది ఎంత వేగంగా లెక్కలు చేస్తుందో, తెల్లదాని కంటే ఎక్కడ మెరుగో, ఎక్కడ వెనకబడిందో పావుగంట చెప్పాను. తమ్ముడు నోరు తెరుచుకుని విన్నాడు. మంచం మీద కూర్చున్న వాళ్ళమ్మ కూడా విన్నది. ఆమెకు అరవై ఐదు పైనే ఉంటాయి. నలభై ఏళ్ళు మగ్గం నేసి, మోకాళ్ళు పట్టేసి, మూడేళ్ళ కింద మానేసిందట.

"ఇంత తెలిసినాయన, ఆడి సూపిచ్చల్ల మాకు," అంది ఆమె.

కార్ల పందెం పెట్టారు. ఆట నడిపే మీటలున్న ఈ కాలపు చేతిపెట్టెను జీవితంలో మొదటిసారి పట్టుకున్నాను. పందెం మొదలైంది. నా కారు నేరుగా పోయి గోడకు గుద్దుకుంది. వెనక్కి తీశాను, వెనక గోడకు గుద్దుకుంది. మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం, నా మెడ, నా నడుము అన్నీ ఆ పక్కకు వంగుతున్నాయి, కారు మాత్రం వంగడం లేదు. మిగతా కార్లన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చి నన్ను దాటుకుని పోయాయి.

"ఏమప్పా," అంది ఆమె నెమ్మదిగా, "గోడ ఆడుండాది. రోడ్డు ఈడుండాది."

"కొత్త కదమ్మా," అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి సూస్తాండావప్పా వీటిని?"

"ఏడు నెలలైంది."

ఆమె చిన్న కొడుకు వైపు తిరిగింది. "నీ పెండ్లికి పిల్లని సూసేదానికి పొద్దున పోయి, మద్దేనానికి మాట ఇచ్చి వస్తిమి కదరా."

ఆ మాటకు తలుపు దగ్గరున్న కోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దామె మంచం దిగకుండానే చెయ్యి చాపింది. కొడుకు రెండో చేతిపెట్టె ఇచ్చాడు. ఇంటికి ఎవరూ రాని మధ్యాహ్నాల్లో ఆమే ఆడుతుందని అప్పుడు చెప్పాడు. ఇద్దరం ఆడాం. ఆమె నడుం కదలలేదు, మెడ కదలలేదు. వేళ్ళు మాత్రం వాటి పని అవి చూసుకుంటున్నాయి. నేను సగం దూరంలో ఉండగానే ఆమె పందెం ముగించి, చేతిపెట్టె పక్కన పెట్టి, తమలపాకు తొడిమ తుంచుకుంటోంది.

"ఎట్లమ్మా?" అని అడిగాను. లెక్కల మాస్టారుకి పద్ధతి తెలియాలి కదా.

"మలుపు కనపడినాక తిప్పితే ఏమొస్తాది? ముందే తిప్పల్ల. మగ్గం ముందర కూసోని పోగు కోసం ఎతుక్కుంటా ఉంటే చీర ఎప్పుడైతాది?" అంది. ఆకుకు సున్నం పూస్తూ, "కొనుక్కోప్పా. ఆడితే వస్తాది. రాసుకుంటే రాదు," అంది. నోట్‌బుక్కు నా చంకలోనే ఉంది.

తిరుగు రైల్లో ఆ నోట్‌బుక్కు తెరవబుద్ధి కాలేదు.

దసరా సెలవులకు పాప ఇంటికి వచ్చింది. బట్టలకని ముగ్గురం హిందూపురం పోయాం. బట్టలు కొన్నాక, ఐదు నిమిషాల పనుందని వాళ్ళను ఆ షాపులోకి తీసుకుపోయాను. దూరం నుంచే చూసి వెంటనే వచ్చేద్దామనుకున్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను చూసి నవ్వి, నా వెనక పాపను చూసి ఇంకా గట్టిగా నవ్వింది.

"నువ్వేనామ్మా? మీ నాయన శానా చెప్పినాడు నీ గురించి. తుపాకులు పట్టుకుంటే ఎవరినీ వదిలిపెట్టవంట కదా."

పాప నావైపు చూసింది. మా ఆవిడ నావైపు చూసింది. నేను మిక్సీల వైపు చూశాను.

"నేనా?" అంది పాప.

"మీ నాయన ఐదుసార్లు వచ్చిపోయినాడు నీకోసం. నీకే ఎటూ తెగలేదని చెప్పినాడే."

పాప ఏదో అనబోయింది. మా ఆవిడ దాని చెయ్యి నొక్కి, నన్ను పక్కకు పిలిచింది. ఆమె పోస్టాఫీసులో పనిచేస్తుంది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఆ నోట్‌బుక్కు నేను ఎప్పుడో చదివినా," అంది. "మీరే చెప్తారని చూస్తాండా."

"ఏం చెప్పాలి?"

"మీకు కావల్లంటే కావల్లని చెప్పేదానికేమి? నేను వద్దంటానా?"

వద్దనదని నాకు తెలుసు. భయం ఆమె గురించి కాదు. నరిసిన మీసంతో, జేబులో ఎర్రసిరా పెన్నుతో నిలబడి 'నాకు ఆడుకోవాలనుంది' అనే రెండు ముక్కలు చెప్పడానికి నాకు సిగ్గు. ఆ సిగ్గును నోట్‌బుక్కు నిండా మార్కులుగా వేసుకుంటూ పోయాను. పోల్చి చూస్తున్నంతకాలం కొనక్కర్లేదు. కొనకపోతే ఎవరికీ చెప్పక్కర్లేదు. మిక్సీల పక్కన నిలబడి ఆమెతో ఇంత వివరంగా చెప్పలేదు. "సిగ్గేసింది," అన్నాను.

ఆమె కౌంటర్ దగ్గరికి పోయి, రెండు పెట్టెల చేతిపెట్టెలూ తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లదాన్ని పైకెత్తి, "ఇది నా చేతికి బాగుంది. ఇది ఇచ్చేయమ్మా," అంది.

"నల్లదానికి ఒక విషయంలో మాత్రం..." అని మొదలుపెట్టాను.

"ఈయనకి ఇంకో ఏడు నెలలు పడతాది. నువ్వు కట్టియ్యి," అంది ఆ అమ్మాయితో.

ఇంటికి తెచ్చి, పెట్టె విప్పి, వైర్లన్నీ వరసగా పరుచుకున్నాక తెలిసింది. మా టీవీకి దాని వైరు పెట్టే చోటు ఒక్కటే ఉంది, దాంట్లో కేబుల్ వాళ్ళ వైరు ఉంది. టీవీ ఏమో, వడ్రంగి చేసిచ్చిన షోకేసులో గోడకు బిగించి ఉంది, వెనక్కి చెయ్యి పోదు. రెండు వందల పేజీల నోట్‌బుక్కులో ప్రపంచంలోని సంగతులన్నీ రాశాను, మా ఇంటి టీవీ సంగతి తప్ప. పాప సన్నటి చెయ్యి సందులోకి దూర్చి, చెంప షోకేసుకి ఆనించి, అరగంట తంటాలు పడి వైరు మార్చింది.

"నాయనా, యుద్ధాల ఆటే పెట్టమంటావా?" అంది షోకేసు పక్క నుంచి.

సెలవుల తర్వాత స్కూలు తెరిచిన రోజు, అటెండెన్సు రిజిస్టరులో సంతకం పెడుతుంటే హెడ్మాస్టరు అడిగారు. "ఏం సార్, పాపకి ఆటపెట్టె కొన్నారంట కదా. ఆడుకుంటాందా?"

గదిలో ఇంకో నలుగురు మాస్టర్లున్నారు. పెన్ను మూత పెట్టుకున్నాను.

"పాప కాదు సార్. నేనే ఆడుకుంటున్నా," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తెలుగు మాస్టారు ఫ్యానువైపు చూశాడు. హెడ్మాస్టరు అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి, పిల్లలు ఆయన చెప్పుల చప్పుడుకే లేచి నిలబడతారు. అందరూ క్లాసులకు పోయినాక నన్ను ఆపి, గొంతు తగ్గించి, "ఆదివారం ఇంట్లో ఉంటారా?" అన్నారు.

ఆదివారం పొద్దున టిఫినుకే వచ్చారు. మా ఆవిడ బొరుగుల ఉగ్గాని పెట్టింది. కార్ల పందెం పెట్టాను. ఆయన కారు నేరుగా పోయి గోడకు గుద్దుకుంది, వెనక్కి తీస్తే వెనక గోడకు గుద్దుకుంది. ఆయన భుజం, మెడ, నడుము అన్నీ మలుపు వైపు వంగిపోయాయి. మొదటి పందెంలోనే రెండు చుట్ల తేడాతో ఆయన్ని ఓడించాను.

నేను ఆటలో ఎవరినైనా ఓడించడం అదే మొదలు. గెలిచినవాడు హుందాగా ఉండాలని తెలుసు. అయినా ఆగలేక, "మలుపు కనపడకముందే తిప్పాలి సార్," అని చెప్పాను, అది నేనే కనిపెట్టినట్టు.