మెకాంగ్ గట్టున పాల కాఫీ

పొద్దున్నే కాఫీ పడకపోతే నేను మనిషిని కాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే కైకలూరు చుట్టుపక్కల రొయ్యల రైతులు పదిమంది కలిసి వియత్నాం చెరువులు చూడటానికి బయల్దేరినప్పుడు, మా ఆయన నన్ను ముందే హెచ్చరించారు.

"ఇదిగో, అక్కడ నీ ఫిల్టరు కాఫీ దొరకదు. తర్వాత నా మీద విసుక్కోకూడదు."

"కాఫీ తోటలున్న దేశమటండీ. కాఫీ దొరక్కపోవడమేంటి?" అన్నాను. ఆ ధీమాతోనే పెట్టెలో పొడి పొట్లం కూడా పెట్టుకోలేదు.

మొదటి రోజు హోటల్లో టిఫిన్ల దగ్గర ఒక మిషను ఉంది. బటన్ నొక్కితే గోధుమరంగు నీళ్లు వచ్చాయి. వేడిగా ఉన్నాయన్న మాటే గానీ, కాఫీ అనడానికి ఇంకే ఆధారమూ లేదు. రెండోరోజు మా గైడు, ఇంగ్లీషు చక్కగా మాట్లాడే అమ్మాయి, నా మొహం చూసి జాలిపడి రోడ్డు పక్క కాఫీ కొట్టుకి తీసుకెళ్లింది. మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు. గ్లాసు అడుగున పాకంలా చిక్కటి డబ్బాపాలు, మీద నల్లటి డికాషను, ఆ పైన గ్లాసు నిండా ఐసు.

"కాఫీలో ఐసేంటండీ! మన కైకలూర్లో ఐసు చేపల పెట్టెల్లో కదా వేస్తారు!" అన్నాను. మా ఆయనా, మాతో వచ్చిన, ఊళ్లో రొయ్యల మేత కొట్టు నడిపే ఆయనా పకపకా నవ్వారు. వాళ్లు చెరో రెండు గ్లాసులు తాగారు. నేను సగం వదిలేసి, తలనొప్పితో హోటలుకి చేరాను.

మూడోరోజు మెకాంగ్ నది పక్కన ఒక రైతు చెరువులకి వెళ్లాం. బస్సు దిగగానే మా ఊరొచ్చేశామేమో అనిపించింది. అవే కాలవలు, గట్ల మీద కొబ్బరిచెట్లు, నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు, ఆఖరికి మేత బస్తాల వాసన కూడా అదే. మగవాళ్లు గైడుని వెంటబెట్టుకుని చెరువు గట్టెక్కారు. నేను తల పట్టుకుని ఆ రైతు ఇంటి వసారాలో కూలబడ్డాను.

రైతు తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. నన్ను చూసి, ఏమీ అడక్కుండానే లోపలికెళ్లి, ఒక గ్లాసు మీద చిన్న అల్యూమినియం ఫిల్టరు పెట్టి తెచ్చింది. అందులో పొడి వేసి, వేడినీళ్లు పోసి మూత పెట్టింది. ఒక్కో చుక్కా గ్లాసులోకి దిగుతుంటే, ఆ వాసనకే సగం తలనొప్పి పోయింది.

అంతలో ఆవిడ చెయ్యి డబ్బాపాల మీదికి పోయింది.

"వద్దు మామ్మగారూ, వద్దండీ!" అన్నాను కంగారుగా, తెలుగులోనే. మామూలు పాలు కావాలని ఎలా చెప్పడం? రెండు చేతులూ నెత్తిమీద కొమ్ముల్లా పెట్టి "అంబా" అన్నాను. ఆవిడ బిత్తరపోయింది. గొంతుక్కూర్చుని పాలు పితుకుతున్నట్టు చేసి చూపించాను. అప్పుడు అర్థమై పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఫ్రిజ్జు తీసి, మనవడి కోసం దాచిన, స్ట్రా అంటించి ఉన్న చిన్న పాల ప్యాకెట్టు నా చేతిలో పెట్టింది. పిల్లాడి పాలు కదా అని మొహమాటపడ్డాను. ఇంకా ఉన్నాయి చూడమన్నట్టు ఫ్రిజ్జు బార్లా తెరిచి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

ఇక వంటిల్లు నాదే. పాలు పొంగొచ్చేదాకా కాచి, డికాషను కలిపి, రెండు గ్లాసులతో పైకెత్తి తిరగబోశాను. నురగ లేవగానే ఆవిడ చప్పట్లు కొట్టి మళ్లీ చెయ్యమంది. తనూ ప్రయత్నించి సగం కాఫీ పొయ్యి గట్టు మీద పోసింది. ఇద్దరం కలిసి తుడిచాం.

మొదటి గుక్కకి నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. మా కాఫీ కన్నా ఘాటెక్కువ, చివర్లో కాస్త మాడు రుచి. అయితేనేం, ఒంట్లోకి ప్రాణం వచ్చింది. ఆవిడ మాత్రం తన గ్లాసు రుచి చూసి మొహం చిట్లించింది. చెంచాడు డబ్బాపాలు కలుపుకున్నాక గానీ తాగలేదు. నాకూ వెయ్యబోతే గ్లాసుని చేత్తో మూసేశాను.

నా సంచీలో పూతరేకులుంటే తీసి ఇచ్చాను. ఆవిడ ఆ పొరని వేళ్లతో తడిమి, ఏదో అరుస్తూ వెళ్లి, గుండ్రటి పల్చటి బియ్యపు రేకుల కట్ట తెచ్చి పక్కన పెట్టింది. వాళ్లూ రేకులు తీస్తారన్నమాట! బెల్లానికీ నెయ్యికీ బదులు వాళ్లు రొయ్యలూ ఆకుకూరలూ చుట్టుకుంటారని తర్వాత గైడు చెప్పింది.

చెరువుల నుంచి తిరిగొచ్చిన మా ఆయన వంటింటి గుమ్మంలో ఆగిపోయారు.

"ఏంటే, ఇక్కడ కూడా పొయ్యి దగ్గరే ఉన్నావు?"

"కాఫీ కలుపుతున్నానండీ. మీకూ ఇమ్మంటారా?"

ఆయన తాగి ఊరుకోకుండా బయటికెళ్లి అందరికీ చెప్పారు. పిల్లాడి ప్యాకెట్లన్నీ అయిపోయాయి. గైడు సెంటర్లోకి పరుగెత్తి కొత్తవి కొనుక్కొచ్చింది. మేం బయల్దేరుతుంటే మామ్మగారు ఫిల్టరు కడిగి, కాగితంలో చుట్టి, పొడి పొట్లంతో సహా నా సంచీలో పెట్టేసింది. నేను తీయబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

మర్నాడు ఆరింటికే హోటల్ గది తలుపు తట్టారు. తీసి చూస్తే మేత కొట్టాయన.

"అక్కగారూ, కాఫీ కలిపేశారాండీ?"

వెనకాల మరో నలుగురు, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని. ఆ ఫిల్టర్లో ఒక్కసారికి ఒక్క గ్లాసే దిగుతుంది. అందర్నీ వరసలో నిలబడమని, మా ఆయన్ని చిట్టచివర నిలబెట్టాను.