నెలకు ఎంత తిరుగుతారండీ

మా ముత్తాతకు సొంత పడవలుండేవి. విశాఖలో హార్బరు తవ్వకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. వాటి సరుకు ఒడ్డుకు చేరాలంటే ఆయన పడవలు కదలాలి. తాత పోర్టులో కాంట్రాక్టరు. ఊళ్లో కార్లు చాలా కొద్దిగా ఉన్న రోజుల్లోనే ఆయనకు కారుండేది. పెద్ద అధికారులెవరైనా వస్తే ఆ కారు కోసమే మా ఇంటికి కబురొచ్చేది. నాన్న ఖనిజం తోలే సొంత లారీలు నడిపాడు. ముగ్గురిలో ఎవరూ అద్దె బండి ఎక్కలేదు. లారీలన్నీ పోయాక కూడా ఒక పెళ్లికి నాన్న ఎండలో నడిచి వెళ్లాడు గాని ఆటో పిలవలేదు. చెమటకు తడిసిన పట్టు కండువాతో ఆయన పంక్తిలో కూర్చుంటే, పక్కన నేనూ నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను.

నా దాకా వచ్చేసరికి మిగిలింది సీతమ్మధారలో ఒక చిన్న కొట్టు. అమ్మ పేరు మీద ఉంది. కళ్లజోళ్ల షాపాయనకు అద్దెకిచ్చాం. ఆ అద్దెతోనే అమ్మ ఎవరినీ, నన్ను కూడా, అడగకుండా బతుకుతోంది. నా చేతుల మీదుగా అదొక్కటీ పోకూడదని నా పట్టుదల.

నేను ఫ్యాక్టరీలకు పంపుల విడిభాగాలు అమ్ముతాను. పొద్దున పరవాడ, మధ్యాహ్నం స్టీల్‌ప్లాంటు, సాయంత్రం పోర్టు. మధ్యలో ఎక్కడ పంపు ఆగినా మళ్లీ వెనక్కి. మొదటి కారు అప్పు చేసి కొన్నాను. వాయిదాలు తీరకముందే ఇంజను విప్పించాల్సి వచ్చింది. అమ్మకానికి పెడితే, వచ్చినవాళ్లు మీటరు చూసి తలుపు మూసేసి వెళ్లిపోయారు. చివరికి అప్పుకు చాలని ధరకే వదిలించుకున్నాను.

మా అక్క భర్త ద్వారకా నగర్‌లో ఉంటూ కంపెనీలకు కార్లు తిప్పుతాడు. సంగతి తెలిసి నన్ను కూర్చోబెట్టాడు.

“నీలాగ తిరిగినోడు కొనకూడదు బావా. కొన్న బండి నీ సేతిలోనే ముసిలిదైపోతాది. లీజుకి తీసుకో. రిపేర్లు ఆళ్లవి, ఇన్సూరెన్సు ఆళ్లది. గడువైపోయాక తాళాలిచ్చేసి ఇంకోటి తెచ్చుకో.”

“అద్దె బండేగా.”

“తెల్ల నెంబరు ప్లేటే ఉంటాది. మీ తాతగోరు పైనుంచి సూసినా పోల్చలేరు. ఒక్కటి గుర్తెట్టుకో. నెలకెంత తిరుగుతావని అడుగుతారు. ఉన్నదున్నట్టు సెప్పు. తక్కువ సెప్పి ఎక్కువ తిరిగావో, ఆకర్న కిలోమీటరుకింతని వాయించేత్తారు.”

లీజు ఆఫీసులో ఆ మాట అడిగింది ఒక అమ్మాయి. “నెలకు ఎంత తిరుగుతారండీ?”

నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి నన్ను చూసి అప్పుడే లేచి నిలబడ్డాడు. నాన్న లారీ ఆఫీసులో గుమస్తాగా చేసినాయన కొడుకు. “బాబుగారూ, తమరా!” అన్నాడు. తర్వాత ఆ అమ్మాయితో నవ్వుతూ, “నాకైతే ఎక్కువ కిలోమీటర్లదే రాయమ్మా. రోజంతా రోడ్డు మీదే బతుకు” అన్నాడు.

నేను అతని కన్నా ఎక్కువ తిరుగుతాను. మా నాన్న కోసం అతని తండ్రి గుమ్మంలో నిలబడేవాడు. నేను పరవాడ గేట్ల దగ్గర లోపలికి పోనిచ్చే చీటీ కోసం నిలబడతానని అతని ముందు నా నోట రాలేదు.

“పెద్దగా ఏం లేదమ్మా. ఊళ్లోనే, ఎప్పుడైనా” అన్నాను. ఆ అమ్మాయి అన్నిటికన్నా తక్కువ కిలోమీటర్ల లీజు ఇచ్చింది.

కారు తెచ్చిన రోజు బావనూ అమ్మనూ తీసుకుని ఆశీలుమెట్ట వినాయకుడి గుడికి వెళ్లాం. కారు కొన్నానని అమ్మకు చెప్పాను. పూజారి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, “బండి ఎవరి పేరు మీదండీ? గోత్రం?” అని అడిగాడు.

బావ నా చెవి దగ్గరకు వచ్చాడు. “సెప్పు బావా. లీజు కంపెనీది ఏ గోత్రమేటి?”

నేను నోరు విప్పేలోగా అమ్మే ముందుకొచ్చి మా గోత్రం చెప్పింది. ముత్తాత దగ్గర నుంచి పేర్లన్నీ వరసగా చెప్పింది. ఎవరిదో బండి ముందు పూజారి మా పెద్దలందరినీ చదువుతుంటే నేను తలెత్తలేదు. అమ్మ దాన్ని భక్తి అనుకుంది.

కొన్ని నెలల్లోనే హద్దు దాటుతున్నానని తెలిసింది. మధ్యలో ఎక్కువ కిలోమీటర్ల లీజుకు మార్చుకోవచ్చు కూడా. కానీ అబద్ధం చెప్పానని ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి ఒప్పుకోవాలి. ఆఫీసు ముందు రెండుసార్లు బండి ఆపాను. దిగలేదు. పంపులు ఆగుతూనే ఉన్నాయి, నేను తిరుగుతూనే ఉన్నాను.

గడువు తీరి కారు అప్పగించిన రోజు అదనపు కిలోమీటర్ల బిల్లు ఇచ్చారు. పాత కారు అప్పే ఇంకా తీరలేదు. దాని మీద ఇది. బావ చదివి, కాగితం నా ముందు పెట్టాడు.

“ముందే సెప్పుంటే ఏదో ఒకటి సేసేవోణ్ని కదా! సర్లే, ఇది నాను కట్టేత్తాను. నా కార్లలో ఒకటి తీసుకుని తిరుగు, నెలనెలా కొంత ఇచ్చీ.”

“అక్క ఇంటి బండికి అద్దె కట్టి తిరగమంటావా?”

“తిరిగితే ఏటవుద్ది? కొట్టు పోద్దని భయం లేదేటి నీకు?”

నేను లేచి వచ్చేశాను. ఆ ఒక్క మాటకు ఒప్పుకుని ఉంటే సరిపోయేది. అది ఆ రోజు కూడా నాకు తెలుసు.

అమ్మకు అన్నీ చెప్పాను. “కారు మనది కాదా?” అని ఒక్కటే అడిగింది. కాదన్నాను. కళ్లజోడు పెట్టుకుంది. “సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు” అంది.

సీతమ్మధార కొట్టు అమ్మేశాం. కళ్లజోళ్ల షాపాయనే కొన్నాడు.