ఎడమ అంచున నిలబడ్డ మనిషి

మా నాయిన సినిమాల్లో ఫోకస్ పుల్లర్‌గా పనిచేశాడు. కెమెరా పక్కనే నిలబడి, నటులు కదిలినప్పుడల్లా బొమ్మ మసకబారకుండా లెన్స్ తిప్పే పని అది. షాట్‌కు ముందు టేపు పట్టుకొని, కెమెరా నుంచి ఒక్కో మనిషి ముఖం దాకా కొలిచేవాడు. ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఇంటికి చుట్టాలొస్తే ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారో ఇప్పటికీ కళ్లతోనే కొలుస్తాడని అమ్మ ఆటపట్టించేది.

మేముండేది ఫిలింనగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే గల్లీలో. నేను జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసులో సినిమాల సబ్‌టైటిళ్లు సరిచూస్తుంటాను. ఈ ఎండాకాలం నాయిన కటింగ్ చేయించుకొని వస్తానని పోయి, మధ్యాహ్నం దాటినా తిరిగి రాలేదు. చివరికి ఒక ఆటో ఆయన తీసుకొచ్చి గేటు దగ్గర దింపాడు. "మీ గల్లి ముంగట్నుంచే అటుఇటు తిరుగుతుండమ్మా. ఇల్లేదంటే చెప్తలేడు. దుకాణపాయన చూపిచ్చిండు," అన్నాడు. నాయిన మా ముఖాలు చూసి సిగ్గుపడ్డాడు.

స్కానింగ్ చూసి, మెదడుకు రక్తం సరిగ్గా అందడం లేదని డాక్టర్ చెప్పాడు. "ఇప్పటికైతే మందులు చాలు. కానీ గమనిస్తూ ఉండండి. లేని మనుషులు కనిపిస్తున్నారని ఆయన ఎప్పుడైనా అంటే మాత్రం ఆలస్యం చేయకండి."

ఆ రోజు నుంచి ఇంట్లో నాయిన ఏ మాట అన్నా, అమ్మా నేనూ ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం.

మా ఇంట్లో ఇప్పటికీ ట్యూబు టీవీయే. కదపాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి. కొత్తది కొందామంటే నాయిన ఒప్పుకోడు. "ఆ పల్చటి టీవీలల్ల నలుపు నలుపు లెక్క ఉండది," అంటాడు. ఒక సాయంత్రం తాను పనిచేసిన పాత సినిమా డిస్క్ పెట్టమన్నాడు. పెళ్లింటి సీను వచ్చింది. హాలు నిండా జనం.

"గా ఎడమ దిక్కు ఆమెను చూడు బిడ్డా. పళ్లెం పట్టుకొని ఎంత నిమ్మలంగ నిలబడ్డదో."

చూశాను. ఎడమ వైపు ఒక స్తంభం ఉంది. ఆ తర్వాత టీవీ ప్లాస్టిక్ అంచే.

"ఎవరు నాయినా?"

"గామెనే. ఆకుపచ్చ చీర. కనబడ్తలేదా నీకు?"

బట్టలు మడతపెడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. "అవునవును, కనబడ్తుంది," అనేశాను. వంటింట్లోకి రాగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రేపే దవాఖానకు తీస్కపోదాం. డాక్టర్ చెప్పింది ఇదే గదా."

"ఒక్క రెండు రోజులు ఆగమ్మా," అన్నాను.

ఎందుకు ఆగమన్నానంటే, ఆఫీసులో నేను రోజూ చూసే బొమ్మ పొడుగ్గా, అడ్డంగా ఉంటుంది. ఇంట్లో టీవీ దాదాపు చతురస్రం. ఆ తెర నిండడానికి డిస్క్ ప్లేయర్ రెండు పక్కలా కొంత బొమ్మ కోసేస్తోంది. నాయిన చెప్పే మనిషి ఆ కోసేసిన ముక్కలో ఉందేమో. నెట్‌లో వెతికితే అక్కడున్నది కూడా పాత టీవీలకని కోసిన ప్రింటే. నాయిన నిద్రలో ఉండగా ప్లేయర్‌ను వెడల్పు బొమ్మకు మార్చి చూశాను. అందరూ సాగి, వెదురుబొంగుల్లా పొడుగైపోయారు. ఎడమ అంచున మాత్రం కొత్తగా సన్నని ఆకుపచ్చ గీత ఒకటి కనిపించింది. అది చీర కావచ్చు, పరదా కావచ్చు. ట్యూబు టీవీలు బొమ్మ అంచులను ఫ్రేము కింద దాచేస్తాయి. ఆ దాచిన భాగం బయటికి రావాలన్నా, సాగిన మనుషులు మామూలుగా కనపడాలన్నా, మెకానిక్‌ల కోసం టీవీ లోపల దాచిపెట్టిన సెట్టింగులు తెరవాల్సిందే.

టోలిచౌకిలో మాకు తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను. "అందుల చెయ్యి పెట్టకుండ్రి మేడం. ఒక్కటి అటుఇటు అయితే బొమ్మనే రాదు. దాని సామాను గూడ ఇప్పుడు దొరుకుతలేదు," అన్నాడు.

టీవీ పాడైతే నాయిన తల్లడిల్లిపోతాడన్న భయం ఉంది. కానీ దానికంటే పెద్ద భయం ఇంకొకటి. అంతా తెరిచి చూశాక అక్కడ పరదా మాత్రమే ఉంటే? చూడనంత వరకు, ఉందేమోనని అనుకోవచ్చు. చూశాక ఇక అనుకోవడానికి ఏమీ మిగలదు.

ఆదివారం మధ్యాహ్నం నాయిన తిని పడుకున్నాక, గది తలుపు దగ్గరికి వేసి, ప్లేయర్‌ను మళ్లీ వెడల్పు బొమ్మకు మార్చి, పెళ్లింటి సీను దగ్గర ఆపి కూర్చున్నాను. అమ్మ స్విచ్ బోర్డు పక్కన నిలబడింది. టీవీ ఆపి, నెట్‌లో ఎవరో చెప్పినట్టు రిమోట్ మీద బటన్లు గబగబా వరసగా నొక్కాను. తెర వెలిగింది. మూలన ఆకుపచ్చ అక్షరాలు, పక్కన ఒక అంకె. ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతుంటే వేలు జారి ఏదో మారింది. అంతే, బొమ్మంతా కుంచించుకుపోయి తెర మధ్యలో తెల్లని గీత ఒక్కటే మిగిలింది. మిగతాదంతా చీకటి. లోపలి నుంచి సన్నగా కూత.

"అయ్యో, బంద్ చెయ్యి!" అమ్మ స్విచ్ మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకమ్మా! ఇప్పుడు ఆపితే ఏమైతదో నాకే తెల్వది."

అక్షరాలు కూడా ఆ గీతలోనే కలిసిపోయాయి. ఏం మారిందో కనపడదు. వేలు జారింది అంకె పెంచే బటన్ మీదికేమోనని, తగ్గించే బటన్ ఒక్కసారి నొక్కాను. గీత విచ్చుకుంది. బొమ్మ తిరిగొచ్చింది. అమ్మ స్విచ్ మీది నుంచి చెయ్యి తీసింది.

ఆ తర్వాత ఎత్తు కొంచెం కొంచెంగా తగ్గించాను. సాగిన మనుషులు మామూలు మనుషులయ్యారు. పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చాయి. వెడల్పు తగ్గిస్తుంటే ఎడమ అంచు లోపలికి జరుగుతూ వచ్చింది. ముందు పళ్లెం. తర్వాత దాన్ని పట్టుకున్న చేతులు. తర్వాత ఆకుపచ్చ చీరలో, ఎంతో నిమ్మళంగా నిలబడ్డ మనిషి.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను ఆ అంకెలు అలాగే భద్రం చేసి, నాయినను లేపాను.

"అప్పుడు నీకు కనబడలే గదా?" అని నాయిన నవ్వాడు. "ఆమె ముక్కుదాక టేపు పెట్టి కొలిచిన. ఎట్ల మరుస్త?"

ఆ వారమంతా ఇంట్లో పండగలా ఉంది. రోజూ సాయంత్రం ఒక సినిమా. అంచుల చుట్టూ సన్నటి నల్లగీత, దాని లోపల బొమ్మ మొత్తం. ఇక ఏమీ దాగలేదు.

అలాంటి ఒక సాయంత్రం, తాను పనిచేయని ఏదో సినిమా చూస్తూ నాయిన, "గా ముసలాయన ఎంతసేపట్నుంచి కూసున్నడు పాపం," అన్నాడు.

తెర మీద ఖాళీ రోడ్డు, ఒక కారు. నేను బొమ్మ ఆపాను. ఎడమ నుంచి కుడికి, ఒక నల్లగీత నుంచి ఇంకో నల్లగీత దాకా వెతికాను.

"ఎక్కడ నాయినా?"

ఆయన వేలు చూపించాడు. తెర మీద కాదు. టీవీ పక్కన, ఖాళీ గోడ వైపు.

మర్నాడు పొద్దున్నే దవాఖానకు తీసుకెళ్లాం. మళ్లీ స్కానింగ్ తీశారు. ఇలా మెల్లమెల్లగా పెరిగేదే తప్ప తగ్గేది కాదని, మందులతో కొంత అదుపులో ఉంటుందని డాక్టర్ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాయిన చాలాసేపు బయటికే చూస్తూ కూర్చున్నాడు. మా గల్లీ దగ్గరికి వస్తుండగా, "నాగ్గూడ భయమైతంది బిడ్డా," అన్నాడు. అమ్మ ఆయన చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

ఇప్పుడూ సాయంత్రాలు సినిమా చూస్తాం. నేను నాయిన పక్కనే కూర్చుంటాను. అప్పుడప్పుడూ ఆయన చూపు తెర మీద నుంచి గోడ మీదికి జారుతుంది. నా చెయ్యి తట్టి మెల్లగా అడుగుతాడు.

"ఆడ ఎవరన్న ఉన్నరా?"

"లేరు నాయినా."

నా ముఖంలోకి ఒకసారి చూస్తాడు. "సరే, నడ్వనియ్యి," అంటాడు.