బావ కరెంటు కారు, జాజు గోడ

పోయిన వారం మా పక్కింటాయన కరెంటు కారు కొనాలని ముచ్చటపడి నన్ను సలహా అడిగాడు. నంద్యాల పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు స్టాంపులు కొట్టి రిటైరైన మనిషిని, పాత పెట్రోలు స్కూటరు తప్ప మరోటి నడిపి ఎరగను, నన్ను కారు గురించి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. "మీ బావకు ఉండాది కదప్పా ఆళ్లగడ్డలో, పెట్టిన దుడ్లు వచ్చినాయో లేదో నీకు తెలీదా?" అన్నాడాయన. నోటితో చెప్పడం కన్నా చూపించడం మేలనుకొని ఆదివారం పొద్దున్నే ఆయన్ను బస్సెక్కించి ఆళ్లగడ్డ తీసుకుపోయాను. మేము పోయేసరికి బావ తన శిల్పాల షెడ్డుకు సున్నం వేయిస్తున్నాడు. దసరా దగ్గర పడింది మరి. మూడు గోడలు తెల్లగా తేలాయి. నాలుగో గోడ మీద మాత్రం, కారు చార్జింగు పెట్టే ప్లగ్గు పక్కన, తలుపంత మేర సున్నం పడలేదు. ఆ చోట ఎర్రటి అంకెలు వరసలు వరసలుగా ఉన్నాయి. పక్కింటాయన కళ్లద్దాలు సర్దుకొని వాటిని చదవడం మొదలుపెట్టాడు. నేను మటుకు షెడ్డులో ఉన్న వినాయకుణ్ణి శ్రద్ధగా చూస్తున్నట్టు నటించాను, ఎందుకంటే ఆ గోడ మీద నా నేరం కూడా ఒకటి రాసి ఉంది.

మా అక్క మొగుడు రాతి పనివాడు. ఆళ్లగడ్డలో రాతి పనివాడంటే వేరే పరిచయం అక్కరలేదు, ఆ ఊళ్లో ఏ వీధిలో నిలబడ్డా ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆయనకు రాయి మాట తప్ప మనిషి మాట మీద అంత నమ్మకం లేదు. రాయి కొనేముందు సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటాడు. కంగుమంటే సరుకు మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. యాభై ఏళ్లు కోత మిషను పక్కన బతికినందువల్ల ఆ చెవులు సగం పోయాయి గానీ తట్టే అలవాటు మాత్రం పోలేదు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా ఇంటి గడప రాయిని కూడా తట్టి చూశాడని మా అమ్మ చాలాకాలం చెప్పుకొని నవ్వేది. బావమరిదిగా నేను ఆయన్ను ఆటపట్టించడానికి పుట్టినవాణ్ణి కాబట్టి ఆ బాధ్యత ఏనాడూ మరవలేదు.

అక్కకు కిడ్నీలు చెడిపోయి వారానికి మూడు రోజులు డయాలసిస్ అన్నారు. సోమ, బుధ, శని. మెషిను నంద్యాలలో, ఇల్లు ఆళ్లగడ్డలో, మధ్యలో నలభై కిలోమీటర్లు. పొద్దున ఏడుకల్లా మంచం మీద ఉండాలి. కాస్త ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, ఆ రోజుకు అంతే, ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల మీద కూర్చుంటుంది. కొన్ని నెలలు అద్దె కారు పెట్టారు. ఒక్కసారి పోయిరావడానికి రెండు వేల దాకా అయ్యేది, పైగా డ్రైవరు ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. రెండు రోజులు అక్క మంచం పోగొట్టుకుంది. రెండోసారి ఆయాసంతో గోడకానుకొని కూర్చున్న అక్కను బావ చూశాడు. మరుసటి వారం అహోబిలం రోడ్డులో కొత్త షెడ్డు కోసం దాచుకున్న స్థలం అమ్మేశాడు. ఆ డబ్బుతో కారు కొంటాడని తెలిసి సంతోషించాను, అది కరెంటు కారని తెలిసి తల పట్టుకున్నాను.

కారు చూడడానికి కర్నూలు పోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. బావ డోరును వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. షోరూం పిల్లవాడు బిత్తరపోయాడు. ఆ తర్వాత ఆ అబ్బాయి తేరుకొని బ్యాటరీకి ఎనిమిదేళ్లు హామీ అని గొప్పగా చెప్పాడు. మా వెనక కుర్చీ వేసుకొని కూర్చున్న అక్క తల ఎత్తింది. "ఎనిమిదేండ్లా? అంత నాకెందుకు నాయనా, దాంట్లో సగం ఇయ్యి చాలు" అంది. ఆ అబ్బాయి అది బేరమనుకొని, సగానికి ధర తగ్గదమ్మా అన్నాడు. మేమందరం నవ్వాం. బావ మాత్రం నవ్వలేదు, ఆయనకు వినపడలేదేమో అనుకున్నాను.

కంపెనీవాడు చెప్పిన మైలేజీని బావ లెక్కలోకే తీసుకోలేదు. రాయిని అమ్మేవాడు పగుళ్ల సంగతి చెబుతాడా అన్నాడు. సొంతంగా కొలిచాడు. రాతి మీద గీతలు గీసే ఎర్ర జాజు డబ్బా, చిన్న పుల్ల తెచ్చి ప్లగ్గు పక్కన పెట్టుకున్నాడు. నంద్యాలకు పోయిన ప్రతిసారీ పోయేటప్పుడు ఎంత శాతం ఖర్చయింది, వచ్చేటప్పుడు ఎంత, బండిలో ఎంతమంది, ఏసీ ఉందా లేదా, ఎండా వానా, అన్నీ గోడకెక్కించాడు. ఏసీ వేసుకొని పోతే ఒకవైపుకు ఇరవై నాలుగు. నడి వేసవిలో ఇరవై ఆరు. ఎదురుగాలి వానలో ఇరవై ఏడు. ఒకసారి చుట్టాలను నిండుగా ఎక్కించుకొని, ఏసీ పూర్తిగా పెట్టి బెలుం గుహలు చూపించుకొని వచ్చినప్పుడు, కొలిమిగుండ్ల దాటినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా ఎవరూ ఊపిరి సరిగా తీసుకోలేదట. ఆ ప్రయాణానికి అంకెలతో పాటు కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

ఖర్చుల విషయానికొస్తే, నేను ఎగతాళి చేసినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇంట్లో వేరే మీటరు పెట్టించి చార్జింగు పెడితే నంద్యాలకు పోయి రావడానికి వంద రూపాయలు కూడా కాదు. ఆయిలు మార్చే పని లేదు. అలాగని అన్నీ లాభాలే అని చెబితే అబద్ధమాడినట్టే. బండి బరువెక్కువ కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి. ఇన్సూరెన్సు ఎక్కువ. చిన్న రిపేరు వచ్చినా కర్నూలు దాకా పోవాలి. ఇంట్లో ప్లగ్గుకు పెడితే పూర్తిగా నిండడానికి రాత్రంతా పడుతుంది, కరెంటు పోతే అంతే సంగతులు. కానీ ఎప్పుడూ ఒకే దారి, ఒకే దూరం, రాత్రంతా ఇంటి దగ్గర నిలిచి ఉండే బండి. మా అక్క అవసరానికి అది కొలత తీసుకొని కుట్టించినట్టు సరిపోయింది. ఈ సంగతి బావ ఒకే నెలలో తెలుసుకుంటే నాకు ఏడాది పట్టింది.

ఇక నా నేరం. కారు కొన్న రెండో ఏడు దసరాకు మమ్మల్ని రమ్మన్నారు. ఆయుధపూజ నాడు రాతి పనివాళ్ల షెడ్లు చూడాలి. ఉలులు, సుత్తులు, కోత మిషన్లు అన్నీ కడిగి, పసుపు రాసి, వరసగా పేర్చి పూజ చేస్తారు. ఆ సాయంత్రం మెయిను స్విచ్చు దించుతారు. ఇక మర్నాడు పొద్దున పెద్దవాడు మొదటి దెబ్బ కొట్టేదాకా ఏ పనిముట్టూ కదలకూడదు, కరెంటుతో సహా. ఏడాది పొడుగునా పనిచేసిన వాటికి అది ఒక్క పూట విశ్రాంతి. రెండు రోజులుగా చుట్టాలను అటూ ఇటూ తిప్పడంతో కారులో చార్జింగు అడుగంటింది. మర్నాడు బుధవారం, అక్క డయాలసిస్. బావ పూజకు ముందే కారును ప్లగ్గుకు పెట్టి, ఆ ఏడాదికి మెయిను దించనందుకు మన్నించమని అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాడట. ఆ సంగతి నాకు తెలియదు. అందరూ భోజనాలకు కూర్చుంటుంటే నేను దీపాలు చూసి వద్దామని షెడ్డులోకి పోయాను. మెయిను పైకే ఉంది. తాళం వేయని బీరువా కంటబడితే వేయకుండా కదలని ఉద్యోగం చేసినవాణ్ణి. బావ మరిచిపోయాడనుకొని, భక్తిగా స్విచ్చు దించి, దాని నెత్తిన పసుపు పూసి ఇంత కుంకుమబొట్టు కూడా పెట్టి వచ్చి హాయిగా పాయసం తాగాను.

పొద్దున బయలుదేరే వేళకు గాని ఎవరూ కారు దగ్గరకు పోలేదు. బావ ప్లగ్గు తీసి, లోపల కూర్చొని చూస్తే ఇరవై ఒకటి శాతం. ఆయన ఆ అంకె వైపు చూశాడు, దిగి మెయిను వైపు చూశాడు, బొట్టు వైపు చూశాడు. అక్క అప్పటికే పాదాలు ఉబ్బి, పండగ పూట తాగిన రెండు గుక్కల నీళ్లకు ఆయాసపడుతూ అరుగు మీద కూర్చొని ఉంది. ఊళ్లో బాడుగ కార్లన్నీ దండలు వేసుకొని నిలబడ్డాయి, ఒక్క డ్రైవరూ ఫోను ఎత్తలేదు. దసరా రద్దీ బస్సులో నిలబడే ఓపిక అక్కకు లేదు. నేనే ఈమె ప్రాణం మీదికి తెచ్చానని అప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ అప్పుడప్పుడు గుండెల్లో తగులుతుంది. బావ గోడ దగ్గరకు పోయి ఆ జాజు అంకెల మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ చదివాడు. జనవరి చలిలో, ఏసీ లేకుండా, ఇద్దరే పోయిన ఒక రోజు దగ్గర వేలు ఆగింది. ఒకవైపుకు పద్దెనిమిది. "చాలు, ఎక్కండి" అన్నాడు.

నలభై ఐదు దాటకుండా నడిపాడు. వెనక నుంచి లారీలు హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోయాయి. ఏసీ లేదు, అక్క వైపు కిటికీ సగం తెరిచాడు. స్పీడుబ్రేకరు దూరాన కనపడగానే కాలు తీసేవాడు, బండి తనంతట తానే నెమ్మదిస్తూ ఆ కాస్త కరెంటును వెనక్కి తీసుకునేది. రాతి మీద ఉలి నడిపేటప్పుడు ఆయన చెయ్యి ఎలా ఉంటుందో ఆ రోజు ఆయన పాదం అలా ఉంది. శిరివెళ్ల దగ్గర పదకొండు. నేను ఉండబట్టలేక బావా, మెయిను దించింది నేనే అన్నాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"తెలుసులే. బొట్టు బాగా పెట్టినావ్ బామ్మర్దీ" అన్నాడు.

అక్క ఆయాసంలోనే నవ్వింది. ఆస్పత్రి ముందు దిగేటప్పటికి బండిలో రెండు శాతం, గడియారంలో ఏడుకు ఆరు నిమిషాలు తక్కువ. "దానికి రెండు శాతముండాది, నాకు ఒకటే" అని చెప్పి అక్క తన మంచం దగ్గరకు పోయింది. ఎదురుగా టైల్సు, మార్బుల్సు దుకాణం ఒకటి ఉంది. దాన్ని నడిపే సాయిబు బావకు రాళ్ల లైనులో పాత పరిచయం. ఆయన తన కోత మిషను ప్లగ్గు పీకి మా కారుకు ఇచ్చాడు. పండగ రోజు గిరాకీ లేదులే అని మాకు టీ కూడా తెప్పించాడు. అక్క నాలుగు గంటలు అక్కడ మెషినుకు, కారు నాలుగు గంటలు ఇక్కడ ప్లగ్గుకు. రెండింటి మధ్య రోడ్డు దాటుకుంటూ బావ ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టలేదు. తిరిగి రావడానికి సరిపడా చార్జింగు అయ్యింది. సాయిబు డబ్బు ముట్టుకోకపోతే, తర్వాత బావ ఆయన దుకాణం పేరు నల్లరాతి మీద చెక్కి పట్టుకుపోయి ఇచ్చాడు. ఇల్లు చేరాక జాజు తీసి గోడ మీద రాశాడు: పంతొమ్మిది, ముగ్గురు, ఏసీ లేదు. పక్కన ఇంకో మాట, బామ్మర్ది బొట్టు.

పక్కింటాయన ఆదివారం నాడు సరిగ్గా ఆ వరస దగ్గరే ఆగి, ఇదేందని అడిగాడు. బావ నా వైపు చూసి ఊరకున్నాడు. మంచి మనిషి. పక్కింటాయన చదువుకుంటూ చిట్టచివరి వరసకు వచ్చాడు. అక్కడ పోయేటప్పుడు ఇరవై రెండు అని ఉంది, వచ్చేటప్పటి చోటు ఖాళీగా ఉంది. ఈ వేసవిలో, కారుకు నాలుగేళ్లు నిండిన నెలలోనే, అక్క నంద్యాల ఆస్పత్రి నుంచి ఆ కారులో తిరిగి రాలేదు. రెండు నెలల కిందటే మా పక్కకు వచ్చిన పక్కింటాయనకు అది తెలియదు. రాయడం మరిచిపోయినారే అన్నాడు. సున్నం వేసే మనిషి కూడా బ్రష్షు ఆపాడు. నేను ఆయన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని, వచ్చిన పని మాత్రం వదలలేక, పెట్టిన దుడ్లు వచ్చినాయా అన్నా అని గొంతు తగ్గించి అడిగాడు. తగ్గించి అడిగినా ఆ మాట మాత్రం బావకు వినపడింది.

"నాలుగేండ్లు. ఒక్క పొద్దు గూడా ఆమె మంచం పోలేదప్పా" అన్నాడు.

మమ్మల్ని బస్టాండు దాకా కాదు, నంద్యాల దాకా తానే దింపుతానన్నాడు. పక్కింటాయన మర్యాదకు వెనక కూర్చున్నాడు. నేను ముందు ఎక్కబోయి, అక్క కూర్చునే చోటని గుర్తొచ్చి, ఆగి, తర్వాత ఎక్కాను. శిరివెళ్ల దాటాక చూస్తే వేగం నలభై ఐదు మీదే ఉంది, ఏసీ లేదు, నా వైపు కిటికీ సగం తెరిచి ఉంది. బండి నిండా చార్జింగు ఉంది కదా, ఇంత నిదానమెందుకని అడగబోయి మానేశాను. ఎనిమిదేళ్ల హామీలో సగం చాలని అడిగి మా అక్క అంతే వాడుకొని పోయింది, మిగిలిన సగాన్ని బావ తొందరపడకుండా ఒక్కడే నడుపుకుంటున్నాడు.